ఫోర్క్‌లిఫ్ట్ దెబ్బ తగిలాక ఈఎస్ఐ డబ్బులు చేతికొచ్చేదాకా

మేడ్చల్ వైపు ఒక గోడౌన్‌లో పికర్‌ని నేను. స్కానర్ పట్టుకుని ర్యాకుల మధ్య తిరుగుతూ ఆర్డర్ల ప్రకారం సరుకు తీయాలి. సరుకు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లూ ఆ సందుల్లోనే తిరుగుతాయి. ఈ బండి తిరిగేది వెనక చక్రాలతో. ముందు భాగం ఎడమకు తిరిగితే వెనక భాగం విసురుగా కుడికి వస్తుంది. నేను ర్యాక్ పక్కన లేబుల్ స్కాన్ చేస్తుంటే అలాగే వచ్చి చక్రం పాదం ఎక్కింది. షూ ముందు ఉక్కు తొడుగు ఉండబట్టి వేళ్లు దక్కాయి, దాని వెనక ఎముక విరిగింది. నడిపిన అన్నని నేనేమీ అనను. మనిషికీ బండికీ ఒకటే దారి ఇస్తే ఎవరు నడిపినా ఇంతే.

సాయంత్రానికల్లా ఇన్‌చార్జ్ ఫోన్ చేశాడు. "తమ్ముడూ, ఇంట్లో మెట్ల మీద జారిపడ్డానని చెప్పు. సెలవు డబ్బులు ఎలాగూ వస్తాయి కదా" అన్నాడు. ఫార్మా కంపెనీలో పనిచేసే మా బావ పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఈఎస్ఐ అంటే కార్మికులకి ప్రభుత్వం నడిపే బీమా, దాని లెక్క ఆయనే చెప్పాడు. ఇంట్లో పడితే అది జబ్బు లెక్క, వచ్చేది జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజుల వరకే. పనిలో దెబ్బ తగిలితే 90 శాతం, డాక్టర్ ఫిట్ అని రాసేదాకా ఇస్తారు. పనిలో చేరిన మొదటి రోజు నుంచే ఈ హక్కు ఉంటుంది. పాదంలో లోపం మిగిలిపోతే అది ఎంత శాతమో మెడికల్ బోర్డు తేలుస్తుంది, దాన్నిబట్టి ఈఎస్ఐ పెన్షన్ ఇస్తుంది. మెట్లు అని రాస్తే ఆ దారీ మూసుకుపోతుంది.

అందుకే డాక్టర్‌కి జరిగింది జరిగినట్టే చెప్పి, కేసు షీట్‌లో ఫోర్క్‌లిఫ్ట్ అని రాయించుకున్నాను. యాక్సిడెంట్ రిపోర్ట్ కంపెనీయే ఫారం 12లో పంపాలి. హెచ్‌ఆర్ మేడమ్‌కి టైమూ, ర్యాక్ నంబరూ, చూసినవాళ్ల పేర్లూ వాట్సాప్‌లో పెట్టాను. రాతలో ఉండేసరికి ఇక కాదనలేకపోయారు. తర్వాత ఈఎస్ఐ డిస్పెన్సరీలో సర్టిఫికెట్లు తీసుకోవడం, ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వడం. క్యూలో కుంటుతూ నిలబడటం కష్టమే గానీ డబ్బులు మాత్రం ఖాతాలో పడ్డాయి.

మళ్లీ పనిలోకి వెళ్లేసరికి ర్యాకుల వెంట నడిచేవాళ్లకి పసుపు గీతలు వేశారు, మూలమలుపుల్లో ఇనుప రెయిలింగ్, కుంభాకార అద్దాలు పెట్టారు. లారీలకి సరుకు ఎక్కించి దించే డాక్ దగ్గర మాత్రం ఇంకా ఏమీ లేదు. బండ్ల రద్దీ ఎక్కువ ఉండేది అక్కడే. సేఫ్టీ మీటింగ్‌లో ప్రతిసారీ అడిగి, అడిగినట్టు మీటింగ్ రికార్డులో (మినిట్స్‌లో) రాయిస్తున్నాం.