ఆండర్సన్ తిరిగిన అడవిలో

తిరుమల దర్శనం అయ్యాక రైలెక్కకుండా ఈసారి తిరుపతిలోనే ఆగిపోయాను. వేటగాడు, వేట కథల రచయిత కెన్నెత్ ఆండర్సన్ నడిచిన దారులు కొన్నయినా చూడాలని ఎప్పటి నుంచో కోరిక. మనుషుల్ని తినే పులుల వెంట ఆయన తిరిగిన అడవుల్లో మామండూరు, చామల మనవే. బెంగళూరు దొర అనుకుంటాం గానీ, 1910లో ఆయన పుట్టింది సికింద్రాబాద్ దగ్గరి మన బొల్లారంలో.

ఆరు తరాలుగా ఇక్కడే పాతుకుపోయిన స్కాటిష్ కుటుంబం వాళ్లది. లా చదవమని ఎడిన్‌బరో పంపిస్తే, చదువు మానేసి తిరిగొచ్చేశాడు. పోస్టల్ శాఖలో కొన్నేళ్లు, తర్వాత బెంగళూరు విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆ జీతం బతకడానికి, అడవి బతుకంతా. సెలవు దొరికితే చాలు, ఫోర్డ్ మోడల్ టి కారేసుకుని బయల్దేరేవాడు. వేట పని లేకపోయినా, తుపాకీ లేకుండా ఒంటరిగా వెళ్లి అడవిలో కూర్చునేవాడట. నాకు ఆయన మీద ఇష్టం పుట్టింది ఈ విషయం తెలిశాకే.

మామండూరు తిరుపతి నుంచి కడప వైపు వెళ్లే దారిలో వస్తుంది. చిన్న రైల్వే స్టేషన్, దాని వెనకే కొండలు. గూడ్స్ బండి ఒకటి గడగడలాడుతూ పోయాక కాసేపటికి పిట్టల అరుపులు మళ్లీ మొదలయ్యాయి. ఆయన కాలంలో ఊళ్లు ఇంకా పలచగా ఉండేవి. పొద్దుగూకాక ఇక్కడ బండి దిగి, పులి తిరుగుతున్న అడవిలోకి నడిచి వెళ్లడానికి ఎంత గుండె కావాలి!

ఊరి పక్క అడవి అంచున ఎర్రచందనం చెట్టు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. బెరడు మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలి, నల్లగా, గరుకుగా ఉంది. ఒకచోట ఎవరో కత్తితో గీరినట్టున్నారు, అక్కడ రక్తం కారి ఎండినట్టు ముదురు ఎరుపు జిగురు. ప్రపంచం మొత్తం మీద ఈ చెట్టు సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. దాని కోసమే ఇప్పుడు ఈ అడవికి ఇంత కాపలా. ఆండర్సన్ ఇష్టమొచ్చినట్టు రాత్రుళ్లు తిరిగిన చోట పర్మిషన్ లేకుండా అడుగు పెట్టనివ్వరు. అది న్యాయమే. అయినా మనసు చివుక్కుమంది.

మర్నాడు భాకరాపేట వైపు వెళ్లాను. రంగంపేట, నాగపట్ల, పులిబోను... చామల పులి కోసం ఆయన తిరిగిన చోట్లన్నీ ఈ చుట్టుపక్కలవే. బస్సు ఘాట్ ఎక్కుతుంటే కిటికీలోంచి లోయ కనిపించింది. అలాంటి చోట చెట్టు మీద మంచె కట్టుకుని, కింద ఎర కట్టేసి, దోమలు కుడుతున్నా కదలకుండా తెల్లవార్లూ కూర్చునేవాడు. ప్రభుత్వ లెక్కల్లో 1939 నుంచి 1966 దాకా ఆయన చంపినవి మనుషుల్ని తినే చిరుతలు 8, పులులు 7. అంకెల కన్నా నాకు నచ్చేది ఆయన ఆలోచించే తీరు. పులి ఊరికే మనిషి జోలికి రాదనేవాడు. ఎవరో సరిగ్గా కాల్చక గాయపడిందో, పంజాలో ముళ్లపంది ముల్లు దిగిందో కారణం వెతికేవాడు. ఆయనకు అడవి చదవడంలో తోడు పూజారి తెగకు చెందిన బైరా. చిన్నార్ నది ఒడ్డున కన్నం తవ్వుకుని కాపురమున్న ఆ మనిషిని ఆండర్సన్ స్నేహితుడని చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఒక దొర అలా చెప్పుకోవడం చిన్న విషయం కాదు.

భాకరాపేటలో టీ తాగుతుంటే ఒక ఫారెస్టు వాచర్ పరిచయమయ్యాడు. అడవి దాకా నడుద్దామనుకుంటున్నానంటే ఒప్పుకోలేదు. "వద్దు సా, పొద్దు గూకితే ఏనుగులొస్తాయి. చిరతలు గూడా ఉండాయి" అన్నాడు. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపేసిన సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆ తర్వాతే కదా నడిచి వెళ్లే భక్తులకు చేతికర్రలిచ్చింది. ఆండర్సన్ గురించి చెబితే ఆసక్తిగా విన్నాడు.

"పులుల్ని కొట్టడం అయిపోయినాక ఏం జేసినాడు సా?"

"తుపాకీ పక్కన పెట్టి కెమెరా పట్టుకున్నాడు. జంతువుల్ని కాపాడాలని చెబుతూ 1974లో పోయాడు."

వాచర్ జేబులోంచి ఫోన్ తీసి ఫొటో ఒకటి చూపించాడు. రాత్రి జీపు లైట్ల వెలుగులో కల్వర్టు మీద కూర్చున్న చిరుత. బొమ్మ కాస్త చెదిరింది గానీ మచ్చలు తెలుస్తున్నాయి. ఎలా తీశాడో, జీపు ఎక్కడ ఆపాడో, అది ఎటు దూకిందో చెప్పుకొచ్చాడు. నేను ఇంకో రెండు టీలు చెప్పాను.