బెంచీలు ఉన్నది కూర్చోడానికి కాదట

"సర్, ఒంట్లో బాగా లేదా?" అని అడిగాడు వెనక వరుసలోని కుర్రాడు. పంతొమ్మిదేళ్లు నిండాయో లేదో. బాగానే ఉందన్నాను. "మరి కూర్చున్నారేం?" అన్నాడు.

అప్పుడు చూశాను చుట్టూ. కైల్ ఫీల్డ్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియంలో తూర్పు వైపు గ్యాలరీ అంతా విద్యార్థులే. ఒక్కరంటే ఒక్కరు కూర్చుని లేరు. నా చుట్టూ మోకాళ్లు, మధ్యలో నేను నూతిలో పడ్డవాడిలా. లేచి నిలబడ్డాను. "థాంక్యూ సర్" అన్నాడు వాడు. ఆ థాంక్యూనే గుచ్చుకుంది. తిట్టినా బాగుండేది.

టెక్సస్‌లోని కాలేజ్ స్టేషన్ అనే ఈ ఊరికి, ఇక్కడి టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి నేనొచ్చింది జొన్న వంగడాల మీద పోస్ట్‌డాక్ చేయడానికి, ఆటలు చూడ్డానికి కాదు. మా ల్యాబ్‌లో గంటల లెక్కన పనిచేసే పిల్లాడు తన గెస్ట్ పాస్ ఇస్తే, ఊరికే వచ్చింది కదా అని వెళ్లాను. ముందురోజంతా చేలో కంకులు కోసి నడుం పట్టేసి ఉంది. వెనకాల శుభ్రమైన బెంచీ ఉంది. కూర్చోక ఏం చేస్తాను?

అసలు మనకి నిలబడటం అంటే ఏమిటి? హోంవర్కు చేయకపోతే బెంచీ ఎక్కి నిలబడేవాళ్లం. జనరల్ బోగీలో చోటు దొరక్క తలుపు దగ్గర నిలబడేవాళ్లం. కిటికీలోంచి కర్చీఫ్ విసిరి బస్సులో సీటు పట్టుకుంటూ పెరిగినవాణ్ణి నేను. అటువంటివాణ్ణి సీటు ఉండగా మూడున్నర గంటలు నిలబడమంటే ఎలా? ఫోన్‌లో చెబితే మా అమ్మ కూడా అదే అడిగింది. "అదేంటి నాయనా, అంత పెద్ద యూనివర్సిటీలో కుర్చీలు లేవా?"

ఉన్నాయి. లక్షా రెండు వేల పైచిలుకు మంది పట్టే స్టేడియం అది. అయినా విద్యార్థులు కూర్చోరు. ఎందుకంటే వాళ్లంతా కలిసి 'పన్నెండో మనిషి'.

క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఆ మాట వినగానే నీళ్ల సీసాలు మోసుకొచ్చేవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అసలు కథ 1922 జనవరి 2 నాటిది. డాలస్‌లో సెంటర్ కాలేజీతో మ్యాచ్. అప్పటికి సెంటర్ వాళ్లు దేశంలోనే గట్టి జట్టు. ఇటు టెక్సస్ ఏ అండ్ ఎం ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి బయటికొస్తున్నారు. ఇ. కింగ్ గిల్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ మానేసి బాస్కెట్‌బాల్‌కి వెళ్లిపోయాడు. ఆరోజు పైన ప్రెస్ బాక్సులో కూర్చుని, ఎవరు ఏ ఆటగాడో విలేకరులకు చెబుతున్నాడు. కోచ్ డానా బైబిల్ కబురు పెడితే కిందికి దిగి, దెబ్బ తగిలినవాడి బట్టలు తొడుక్కుని అంచున నిలబడ్డాడు. ఏ అండ్ ఎం 22–14తో గెలిచింది. గిల్‌ని మాత్రం ఆటలోకి దించనే లేదు.

అంతే కథ. గోల్ కొట్టలేదు, పరిగెత్తలేదు. నిలబడ్డాడు. ఆ నిలబడ్డందుకు స్టేడియం బయట కంచు విగ్రహం. విద్యార్థులంతా నిలబడేదీ అతనిలాగే, పిలిస్తే దిగడానికి సిద్ధమని.

మా వ్యవసాయ కళాశాలలో ఆటలంటే ఏడాదికో వారం. కబడ్డీలో గెలిస్తే స్టీలు గ్లాసు. ఓడిపోయినవాళ్లను ఆ రాత్రి మెస్సులో ఏడిపించేవాళ్లం, తెల్లారేసరికి మర్చిపోయేవాళ్లం. అలాగని మనకి పిచ్చి లేదనుకోకండి. సినిమా తొలి ఆటకి కాగితాలు చించి ఎగరేసే జనమే మనం. కానీ చదువుకున్న కాలేజీ కోసం అలా ఊగిపోవడం నేనెరగను. దాని పేరు చెబితే మనకి గుర్తొచ్చేది మార్కుల జాబితా. వీళ్లు ముసలివాళ్లయినా వేలికి కాలేజీ ఉంగరం తీయరు.

ఒక్కటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 'పన్నెండో మనిషి' అన్న మాటకి యూనివర్సిటీ 1990లో ట్రేడ్‌మార్క్ తీసుకుంది. 2006లో అదే మాట వాడుతున్న సియాటిల్ సీహాక్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు మీద కోర్టుకి కూడా వెళ్లింది, తర్వాత లైసెన్స్ ఒప్పందంతో రాజీ కుదిరింది. భక్తికి కూడా పేటెంటా అని మా ఆవిడతో అంటే, "తిరుపతి లడ్డూకి లేదా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మ్యాచ్ సంగతి చెప్పాలి. యూనివర్సిటీ వాళ్ల వార్ హిమ్ పాట మొదలవగానే వెనక వరుస కుర్రాడు ముందుకు వంగి నా భుజం తట్టి, పక్కవాళ్ల భుజాల మీద చేతులు వేయమన్నాడు. ఒక వరుస కుడికి, దాని ముందుది ఎడమకి ఊగడం మొదలైంది. కాళ్ల కింద సిమెంటు కదులుతోంది. నిజంగానే కదులుతోంది, నేను కాదు. నా చెయ్యి ఎవరిదో చెమటపట్టిన మెడ మీద, ఎవరిదో చెయ్యి నా మెడ మీద. ఈ దేశానికి వచ్చి రెండేళ్లయింది, కరచాలనం దాటి బయటివాళ్లెవరూ నన్ను ముట్టుకున్నది లేదు. జట్టు స్కోరు చేసినప్పుడల్లా పక్కనున్న ప్రియురాలికి ముద్దు పెట్టడం కూడా ఇక్కడ సంప్రదాయమేనట. అప్పుడు మాత్రం స్కోరుబోర్డు కేసి శ్రద్ధగా చూశాను.

సోమవారం మా ఫీల్డ్ టెక్నీషియన్ దగ్గర అక్కసంతా వెళ్లబోసుకున్నాను. ఆయనా ఇక్కడ చదివినవాడే. అంతా విని, ట్రాక్టర్ కింద నట్టు బిగిస్తూ, "హైవే 6 రెండు వైపులా పోతుంది, డాక్" అన్నాడు. ఊళ్లోంచి వెళ్లే రోడ్డు అది. నచ్చకపోతే వచ్చిన దారినే వెళ్లొచ్చని అర్థం. నసపెట్టేవాడు ఎవడైనా సరే, ఇక్కడ అనే మాటే అది, తాతల నాటి నుంచీ ఈ ఊళ్లో ఉన్నవాడికైనా. కానీ వీసా మీద ఉన్నవాడి చెవికి అది వేరేగా వినపడుతుంది. ప్రాజెక్టుకి నిధులొస్తే ఉంటాను, రాకపోతే లేదు. ఒంటికి యూనిఫాం తొడుక్కుని అంచున నిలబడటం నాకు చేతకాని పనేమీ కాదు. విగ్రహం ఒక్కటే తక్కువ.

నా మొహం చూసి ఆయనకి అర్థమైనట్టుంది. గురువారం భోజనాల వేళ "ఒక చోటికి వెళ్దాం రా" అని తీసుకెళ్లాడు.

క్యాంపస్‌లో 1909లో మొదలైన ఆనవాయితీ ఒకటుండేది. ప్రత్యర్థి అయిన టెక్సస్ యూనివర్సిటీతో మ్యాచ్‌కి ముందు, తర్వాతి దశాబ్దాల్లో విద్యార్థులే దుంగలు నరికి పేర్చి పెద్ద మంట వేసేవాళ్లు. 1999 నవంబర్ 18 తెల్లవారుజామున 2:42కి ఆ దుంగల గోపురం పేరుస్తుండగానే కూలింది. 12 మంది పోయారు, 27 మందికి దెబ్బలు. క్యాంపస్‌లో మంట అంతటితో ఆగిపోయింది. నిజానికి ఆయనతో వాదనలో నేను ఎత్తుదామనుకున్న పాయింటు ఇదే. సంప్రదాయం ముదిరితే ఇంతేగా అని. ఆయన అప్పుడు ఇక్కడే మూడో ఏడాది విద్యార్థి అని నాకు తెలీదు.

ఇప్పుడక్కడ గుండ్రంగా రాతి వలయం, అందులో 12 వాకిళ్లు. ఒక్కో వాకిలి ఆ పిల్లల్లో ఒకరి సొంతూరి దిక్కుకి తిరిగి ఉంటుంది. వచ్చినవాళ్లు లోపలికి వెళ్లి నిలబడాలి, లేనివాడి చోట తాము ఉన్నట్టు. ఆయన టోపీ తీసి ఒక వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. ఎంతసేపో తెలీదు. ఆ పాయింటు నేను ఎత్తలేదు. అక్కడ బెంచీ ఉందో లేదో కూడా చూడలేదు.

తిరిగొస్తుంటే "మీ ఊరు ఎటువైపు?" అని అడిగాడు. ఆలోచించకుండా తూర్పు చూపించాను. పొద్దు ముందు పొడిచేది మన దగ్గరే కదా. ఆ రాత్రి మా పిల్లాడి గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే తేలింది, ఇక్కణ్ణుంచి గుంటూరుకి దగ్గరి దారి దాదాపు నిటారుగా ఉత్తరానికి, ధ్రువం పక్కనుంచి పోతుంది. ఇన్నాళ్లూ తప్పు దిక్కుకి తిరిగి ఇంటిమీద బెంగపెట్టుకున్నానన్నమాట.

మర్నాడు చేలో ఆ మాట చెప్పాను. ఆయన కొడవలి ఆపి ఉత్తరం వైపు చూశాడు.

"అంటే, ఆ పనిముట్ల షెడ్డు వైపా?"

"షెడ్డు దాటి ఇంకాస్త ముందుకెళ్లాలి" అన్నాను.