బ్లాంక్ నీలం తిరిగిన రోజు

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో చేరిన కొత్తలో నాకు గ్లైకాలిసిస్, అంటే కణం గ్లూకోజ్‌ను మెట్లుమెట్లుగా విడగొట్టే ప్రక్రియ, పేరు వింటేనే టెన్షన్. ఇంటర్ దాకా తెలుగు మీడియం, డిగ్రీ బట్టీ చదువు. పది మెట్లూ ఎంజైముల పేర్లతో సహా రాత్రి అప్పజెప్పుకుంటే తెల్లారేసరికి సగం ఎగిరిపోయేవి. హాస్టల్ గోడకు చార్టు అంటించుకుని, రోజూ గ్లూకోజ్ నుంచి పైరువేట్ దాకా చూడకుండా గీయడం మొదలుపెట్టాను. పేర్లు వచ్చాయి గానీ, ఫాస్ఫేట్ ఒకచోట చేరడం, ఇంకోచోట ఊడడం ఎందుకో మాత్రం తలకెక్కలేదు.

ఆ ఫాస్ఫేటే ల్యాబులో ఎదురైంది. ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతిలో ఫాస్ఫరస్ ఎస్టిమేషన్. ఆమ్లంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఆన్సా అనే రంగు తెప్పించే రసాయనం వేస్తే, ఫాస్ఫేట్ ఎంత ఉంటే అంత నీలం వస్తుంది. పది నిమిషాలాగి రంగు ఎంత ముదురో కొలిచే కలరీమీటర్‌లో 660 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయాలి. ఫాస్ఫేట్ వెయ్యని బ్లాంక్‌లో రంగు దాదాపు ఉండకూడదు. నా బ్లాంక్ మాత్రం చూస్తుండగానే నీలం తిరిగింది. రీఏజెంట్లు కొత్తగా కలిపి మళ్లీ చేశాను. మళ్లీ అంతే. మూడోసారికి ఏడుపొచ్చింది.

ల్యాబ్ అసిస్టెంట్ గారు వచ్చి ట్యూబు వెలుగుకు పట్టి చూశారు. "ఇవి దేంతో కడిగావమ్మా?"

"సబ్బుపొడితో సార్."

"అందులోనే ఉంటుంది తల్లీ ఫాస్ఫేట్."

ట్యూబులన్నీ పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో పదేపదే తొలిపాను. ఈసారి బ్లాంక్ నీళ్లలా నిలిచింది. ఫాస్ఫేట్ తెలిసిన మోతాదుల్లో వేసిన స్టాండర్డ్ ట్యూబులు లేత నీలం నుంచి ముదురు నీలం దాకా వరసగా తేరాయి. గ్రాఫు మీద చుక్కలన్నీ గీతకు దగ్గరగా పడ్డాయి. కంటికి కనబడని, చిటికెడు కూడా లేని ఫాస్ఫేట్ అంత పని చేయగలదని ఆరోజే తెలిసింది.

రికార్డు రాస్తూ ఆ సుబ్బారావ్ ఎవరా అని వెతికాను. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే! 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఈ పద్ధతి ప్రచురించారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ కనుక్కున్నారు; రెండూ కణానికి శక్తినిచ్చే ఫాస్ఫేట్ పదార్థాలే. కండరంలో ఫాస్ఫేట్‌ను కొలుస్తూనే వాటి దాకా వెళ్లారు. అందరం శక్తి అని చదివే ఏటీపీ వెనక ఈ నీలం రంగే ఉందన్నమాట. నాకు ఒళ్లు జలదరించింది.

ఆ రాత్రి చార్టులో ఏటీపీ ఖర్చయ్యే రెండు మెట్లకూ, తిరిగొచ్చే రెండు మెట్లకూ నీలం పెన్నుతో సున్నాలు చుట్టాను.