ఫిస్కే-సుబ్బారావు పద్ధతి వెంట

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో రక్తంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతిని నేర్చుకున్నప్పుడు, ద్రావణంలో వచ్చే నీలి రంగు గాఢతను బట్టి విలువను లెక్కించడం తెలిస్తే పరీక్ష గట్టెక్కడానికి సరిపోయేది. కానీ ఆ రెండో పేరు తెలుగువారిదేమోనన్న సందేహం నన్ను గ్రంథాలయానికి నడిపించింది.

ఆయన 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఈ పద్ధతిని ప్రచురించారు. నన్ను అన్నిటికన్నా కదిలించినది ఆ తరువాతి కథ. కొలిచే సాధనం చేతికి వచ్చాక వారు అక్కడితో ఆగక, కండరాలలో ఫాస్ఫరస్ ఏ రూపంలో ఉంటుందని వెతుకుతూ, కండరానికి తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. అనంతరం అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం కణాలు పెరగడానికి అవసరమైన విటమిన్ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను రూపొందించింది (వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చిన మందు అదే), బోదకాలు నివారణకు నేటికీ మన ఊళ్లలో పంచే డీఈసీ మాత్రను వెలుగులోకి తెచ్చింది. 1948లో, 53 ఏళ్లకే ఆయన మరణించారు.

ఆ చదువు నా పనితీరును మార్చింది. ఫాస్ఫరస్ విలువ అనుమానాస్పదంగా ఎక్కువ కనిపిస్తే, యంత్రం చూపిన అంకెను అలాగే పంపకుండా, నమూనాలో రక్తకణాలు చిట్లి వాటిలోని ఫాస్ఫరస్ బయటికి వచ్చిందేమోనని పరిశీలిస్తాను. కొత్తగా చేరినవారికి ప్రతి ద్రావణాన్నీ ఎందుకు కలుపుతున్నామో వివరించాకే పరీక్ష అప్పగిస్తాను. ప్రస్తుతం మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఫాస్ఫరస్ పెరగడం ఎముకలను ఎలా బలహీనపరుస్తుందో చదువుతున్నాను.