సఫేద్ మెట్ల దారిలో

ఇజ్రాయెల్‌లో, గలిలయ సరస్సు ఒడ్డున ఉన్న తిబెరియలో సఫేద్ బస్సెక్కాను. గలిలయ సరస్సు సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా కింద ఉంటుంది, సఫేద్ ఊరేమో దాదాపు 900 మీటర్ల ఎత్తున. కొండ మలుపులెక్కేసరికి చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. ఆ కంగారులో ఒక స్టాపు ముందే దిగిపోయాను. మిగతాదంతా నడకే, అదీ మెట్ల మీద.

నేను చూడాలనుకున్నది 16వ శతాబ్దపు యూదు పండితుడు యోసేఫ్ కారో పేరున్న సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం. 1837 భూకంపం తర్వాత మళ్ళీ కట్టినది. నీలం రంగు, పాత పుస్తకాల బీరువాలు, చల్లటి రాతి గోడలు. అరువు టోపీ ఒకటి పెట్టుకుంటే రెండుసార్లు జారిపోయింది.

గురువు శిష్యుణ్ణి రబ్బీ, అంటే మతగురువు, చేయడాన్ని యూదులు స్మీఖా అంటారు. చెయ్యి ఆనించడం అని ఆ మాటకి అర్థం. మోషే యెహోషువ మీద చెయ్యి ఉంచాడని సంఖ్యాకాండంలో ఉంది కదా, ఆ పరంపర అక్కణ్ణుంచే. రోమన్లు దాన్ని నిషేధించినప్పుడు, ఇదే గలిలయలో, ఉషాకీ షెఫారాముకీ మధ్య కొండల్లో యెహూదా బెన్ బావా అనే ముసలి గురువు ఐదుగురు శిష్యులకు స్మీఖా ఇచ్చాడట. సైనికులు రాగానే "మీరు పరిగెత్తండి" అని తాను అక్కడే ఉండిపోయాడు. ఆయన ఒంట్లో 300 ఈటెలు దిగాయని యూదుల ధర్మగ్రంథం తల్మూద్ చెబుతుంది. అంత చేసినా కొన్ని శతాబ్దాలకు ఆ పరంపర తెగిపోయింది.

1538లో యాకోబ్ బేరాబ్ అనే రబ్బీ దాన్ని సఫేద్‌లో మళ్ళీ మొదలుపెట్టాడు. మమ్మల్ని అడగకుండా ఎలా చేస్తారని యెరూషలేములో లేవీ ఇబ్న్ హబీబ్ అనే రబ్బీ అడ్డం తిరిగాడు. బేరాబ్ ఊరు వదిలి పోవాల్సి వచ్చింది. పోతూ పోతూ నలుగురికి స్మీఖా ఇచ్చి వెళ్ళాడు. వాళ్ళలో కారో ఒకడు. ఆ ప్రయత్నం నిలవలేదు. కానీ కారో రాసిన ధర్మశాస్త్రం షుల్హాన్ అరూఖ్ నిలిచింది. ఈనాటికీ రబ్బీ పరీక్షకి చదివేది ముఖ్యంగా అందులోని భాగాలే.

బయట అరుగు మీద ఇద్దరు కుర్రాళ్ళు గట్టిగా అరుచుకుంటుంటే కొట్టుకుంటారేమో అనుకున్నా. చదువుకుంటున్నారట! ఇలా జంటగా వాదించుకుంటూ చదవడాన్ని హవ్రూతా అంటారు. ఒకతనికి త్వరలో పరీక్ష, రక్తం పోయేలా మాంసానికి ఉప్పు పట్టించే నియమాల మీద. టెన్షన్ ముఖంలోనే కనిపిస్తోంది.

"మీ గురువు తల మీద చెయ్యి పెడతారా?" అని అడిగాను.

"ఇప్పుడు సంతకం పెట్టిన కాగితం ఇస్తారు," అని నవ్వాడు. తర్వాత మిష్నా అనే పాత యూదు ధర్మ సంకలనంలో మాట ఒకటి చెప్పాడు. నాన్న వస్తువూ గురువు వస్తువూ రెండూ పోతే ముందు గురువుది వెతకాలి. నాన్న ఈ లోకానికి తెచ్చాడు, గురువు రాబోయే లోకానికి తీసుకెళ్తాడు. నాన్న కూడా పండితుడైతే మాత్రం నాన్నదే ముందు.

రాత్రి ఫోన్లో ఇది మా నాన్నకి చెప్పాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, నాకు ఎక్కాలు నేర్పింది కూడా ఆయనే.

"అయితే రాగానే ముందు నా కళ్ళజోడు వెతికిపెట్టు," అన్నారు.