కాకి, తాటిపండు, మామయ్య కాళ్ళు

పదకొండు దాటింది. ముందు గదిలో మామయ్య పడుకున్నాడు, నిద్రపోయాడో లేదో తెలీదు. పెరుగన్నం సగంలో వదిలేసి కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయిన ఆయన మొహమే కళ్ళ ముందు తిరుగుతోంది. రాస్తే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

మళ్ళీ మాత్రల గొడవే. బీపీ మాత్ర మానేసి మూడు వారాలైందని అత్తయ్య ఫోన్లో చెప్పినప్పటి నుంచీ నా కడుపు ఉడుకుతూనే ఉంది. పొద్దున బస్సు దిగి వస్తూ సంచీ నిండా ముంజలు తెచ్చాడు. లేత ముంజలు, వేలు పెడితే నీళ్ళు చిమ్మాయి. పిల్లలతో పాటు నేనూ ఎగబడి తిన్నాను. ఆ సంబరం భోజనాల దాకా కూడా లేదు.

"మాత్ర ఎందుకు మానేశావు మామయ్యా?" అని మామూలుగానే అడిగాను.

"నాకేం జబ్బే? తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. లేని రోగానికి మందెందుకు?"

చాలామందికి ఏమీ తెలియకుండానే ఉంటుంది అన్నాను. "మా నాన్న రోజుకి నాలుగు చుట్టలు కాల్చాడు, ఆవకాయ లేనిదే ముద్ద దిగేది కాదు. తొంభై ఏళ్ళు బతికాడు" అన్నాడు. ఒక్క తాతయ్యని చూపిస్తే ఎలా, అదే వీధిలో చుట్టలు కాల్చి యాభై ఏళ్ళకే పోయినవాళ్ళు లేరా అన్నాను. దానికి జవాబు చెప్పడు. "నువ్వు నడక మానేసి ఏడాదైంది, నాకు చెప్పొచ్చావా" అంటాడు. నిజమే, మానేశాను. గురివింద గింజ సామెత నాకు చక్కగా సరిపోతుంది, దాంతో ఆయన బీపీ తగ్గుతుందా? ఈ మాట అనేలోపే ఇంకోటి. "అయితే ఉప్పూ కారం మానేసి ఆసుపత్రి మంచం మీద పడుండమంటావా?" అలా అని ఎవరన్నారు? "ఇవాళ ఒకటంటారు, రేపు రెండంటారు, ఆఖరికి డయాలిసిస్ అంటారు." "అసలు నువ్వు డాక్టరువా?" డాక్టరు చెప్పిందే చెప్తున్నాను మామయ్యా అంటే, "ఆ డాక్టర్లకి కమీషన్లు" అంటాడు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. డాక్టరు కాని మనిషి చెప్తే నువ్వు డాక్టరువా అంటాడు, డాక్టరు చెప్తే కమీషనంటాడు. మరి ఇంకెవరు చెప్పాలి? ఒక మాటకి సమాధానం చెప్పి ఇంకో మాటకి వెళ్ళొచ్చు కదా. కొమ్మ పట్టుకోబోతే ఇంకో కొమ్మ మీదకి. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే మనిషైనా నయం, కనీసం ఒక కుందేలునే పట్టుకుని ఉంటాడు.

దీనికి తోడు మా పెద్దాడు. కాలేజీలో డిబేట్ క్లబ్బులో చేరిన దగ్గర్నుంచీ వాడి వరస అందరికీ తెలిసిందే. "చిన్న తాతయ్యా, అది ఎడ్ హోమినెమ్. ఇప్పుడన్నది స్ట్రా మ్యాన్. ఇది స్లిప్పరీ స్లోప్" అని అంపైరులా వేలెత్తుతున్నాడు. మాట వదిలేసి మనిషిని పట్టుకోవడం, అనని మాట అన్నట్టు చెప్పి కొట్టిపారెయ్యడం, ఒక మెట్టు దిగితే ఇక పాతాళమేనని బెదిరించడం, ఆ పేర్లకి వరసగా అర్థాలివి. వాడు చెప్పిన పేర్లలో ఒక్కటీ తప్పు కాదు. కానీ అరవై ఎనిమిదేళ్ళ మనిషికి ఆ పేర్లు చెవిన పడితే ఏమర్థమవుతుంది? తననేదో అంటున్నారని అర్థమవుతుంది. నోర్మూసుకుని తినరా అన్నాను, వినలేదు.

అప్పుడన్నాడు మామయ్య, కాస్త గొంతు తగ్గించి. "మాత్ర వేసుకున్నాకే కాళ్ళు వాచాయే."

నేను అందుకున్నాను. "అది కాకతాళీయం మామయ్యా. కాకి వాలింది, తాటిపండు పడింది. పండుని కాకి పడగొట్టిందా? ఇది తాతయ్య చెప్పిందే. అన్నట్టు తాతయ్య తొంభై కాదు, ఎనభై ఏడుకే పోయాడు."

అందరూ నవ్వారు. ఆయన ఇంకేదో అంటున్నాడు, నవ్వుల్లో వినిపించలేదు. లేచిపోయాడు.

తాతయ్య పేరు ఎత్తకుండా ఉండాల్సింది. బడిలో సంస్కృతం చెప్పి, సాయంత్రం పొలానికి వెళ్ళే మనిషి. అన్నంభట్టు మన తెలుగువాడే, పదిహేడో శతాబ్దంలో అంత చిన్న పుస్తకంలో తర్కమంతా కుదించిపెట్టాడు అని తర్కసంగ్రహం చేతికిచ్చేవాడు. నాకు పదేళ్ళు. "పర్వతో వహ్నిమాన్, ధూమాత్." కొండ మీద నిప్పుంది, పొగ ఉంది కాబట్టి. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పుంటుంది, వంటింట్లోలాగా. అది సరే తాతయ్యా, తిరగేసి చెప్పకూడదా, నిప్పుంది కాబట్టి పొగ ఉంటుందని? అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. కండువా భుజాన వేసుకుని కమ్మరి కొలిమి దగ్గరికి తీసుకెళ్ళాడు.

మధ్యాహ్నం ఎండ. మామయ్య అప్పటికే అక్కడున్నాడు, మా నాగలి కర్రు సాగదీయించడానికి వెళ్ళి, ఊరికే కూర్చోలేక తిత్తి లాగుతున్నాడు. బొగ్గుల్లోంచి పటకారుతో కర్రు బయటికి తీశారు. చివర ఎర్రగా, ఇంకా చివర పసుపు రంగులో, దాని చుట్టూ గాలి వణుకుతోంది. "పొగేదీ?" అన్నాడు తాతయ్య. లేదు. దానంత నిప్పు నేనెప్పుడూ చూడలేదు, పొగ మాత్రం వెంట్రుకంత కూడా లేదు. ఇంటికొచ్చాక అమ్మమ్మ పొయ్యిలో తడి తుమ్మకట్టె పెట్టించాడు. ఇల్లంతా పొగ. నిప్పొక్కటే ఉంటే చాలదు, తడి కట్టె తోడవ్వాలి, దాన్ని ఉపాధి అంటారు అన్నాడు. నాకు కళ్ళ నీళ్ళు కారుతుంటే మామయ్య తువ్వాలుతో తుడిచాడు.

అంటే మామయ్య ఇవాళ అన్నది అదే కదా, పొగ లేదు కాబట్టి నిప్పు లేదని. తిత్తి లాగిన మనిషే అలా అంటే ఎలా? సాయంత్రం ఆయన కోపం తగ్గాక మావారు మెల్లిగా బీపీ మిషను కట్టారు. ఐదు నిమిషాలు ఆగి రెండోసారి కూడా చూశారు. 164, 98. డాక్టర్లు హద్దు గీసేదే 140, 90 దగ్గర. తలనొప్పి లేదు, ఆయాసం లేదు, ఎర్రగా కాలిన కర్రులా ఉంది లోపల. ఇక్కడిదాకా నాదే పైచేయి అనుకుంటూ రాసుకొచ్చాను.

కానీ ఇందాక మంచినీళ్ళకి లేచినప్పుడు బల్ల మీద ఆయన సంచీలోంచి మాత్రల షీటు బయటికి వచ్చి ఉంది. ఆమ్లోడిపిన్, 10 మిల్లీగ్రాములు. ఇదివరకు 5 వేసుకునేవాడు, పెంచినట్టున్నారు. ఫోన్లో వెతికాను. చీలమండల దగ్గర వాపు ఆ మందుకి బాగా తెలిసిన దుష్ప్రభావం, మోతాదు పెరిగేకొద్దీ ఎక్కువ. అత్తయ్యకి ఆ టైములోనే ఫోను చేశాను, పాపం నిద్రలో ఉంది. "అవునే, వాచాయి. చెప్పుల పట్టీ దిగబడి గాడి పడేది. మానేసిన వారానికే తగ్గిపోయాయి, నీకు చెప్పలేదా?"

చెప్పాడు. ఆ నవ్వుల్లో వినపడని మాట అదే అయి ఉంటుంది. వేసుకుంటే వచ్చింది, మానేస్తే పోయింది. తాతయ్య దీన్నే అన్వయం, వ్యతిరేకం అని ఎన్నిసార్లు చెప్పాడో. ఆయన కొడుకు ఆ రెండూ తెచ్చి నా ముందు పెడితే నేను కాకీ తాటిపండూ కథ చెప్పాను. హేతువు తప్పైతే చెప్పినదంతా తప్పైపోదని కూడా తాతయ్యే అన్నాడు. నిప్పుంది కాబట్టి పొగ ఉందన్నవాడి తర్కం తప్పు, ఆ కొండ మీద పొగ నిజంగానే ఉండొచ్చు. ఇక్కడ హేతువు కూడా తప్పు కాదు. నిజం తెలుసుకోడానికి మాట్లాడితే వాదం, గెలవడానికి మాట్లాడితే జల్పం. తనదంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి మాట కొట్టెయ్యడమే పనిగా పెట్టుకుంటే వితండం. మామయ్యది వితండం అని మధ్యాహ్నం నుంచీ అనుకుంటున్నాను, మరి నేను చేసిందేమిటి? ఎనభై ఏడు అన్న మాట దేనికి పనికొచ్చింది?

అలాగని మాత్ర మానెయ్యడం ఒప్పుకోను. బీపీకి మందు ఇదొక్కటే కాదు, ఇంకో రకానికి మార్చమని డాక్టరునడగాలి. అడగాలంటే కాళ్ళ వాపు సంగతి ఆయన నోటితో ఆయన చెప్పాలి, పక్కన కూర్చుని నేను మధ్యలో అందుకోకుండా. రేపు పదింటికి తీసుకెళ్తాను. వస్తాడా? ఇప్పుడే దగ్గాడు. మెలకువగానే ఉన్నాడు. ఫ్రిజ్‌లో నాలుగు ముంజలు మిగిలాయి, పట్టుకెళ్ళి అడుగుతాను.