పూల్ డబ్బు ఇచ్చేశాను, అయినా గనైట్ మేస్త్రీ మా గుమ్మం ముందు నిలబడ్డాడు

పోయిన శనివారం మా పాప మా పెరట్లో కొత్త స్విమ్మింగ్ పూల్‌లోకి మొదటిసారి దిగింది. ఆ రోజు రావడానికి ఏడు నెలలు పట్టింది. సంతోషంగానే ఉంది. కానీ మధ్యలో జరిగిన ఒక విషయం మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. అది చల్లారకముందే రాసేస్తే ఇంకొకరికి పనికొస్తుందని కూర్చున్నాను.

మేముండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన, కాలిన్ కౌంటీలో. వీధికి నాలుగు తెలుగు కుటుంబాలుంటాయి. ఎండలు మా పల్నాడు ఎండలకేమీ తీసిపోవు. పిల్లలు రెండేళ్లుగా అడుగుతుంటే అక్టోబర్‌లో కాంట్రాక్టు మీద సంతకం పెట్టాం. 15 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, లోతు మూడున్నర నుంచి ఆరడుగులు. మొత్తం 92,000 డాలర్లు.

హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతికి మూడు వారాలు, సిటీ పర్మిట్‌కి రెండు వారాలు పట్టాయి. పెరటి వెనక కరెంటు, కేబుల్ లైన్ల కోసం వదిలిన ఈజ్‌మెంట్‌లోకి పూల్ రాకూడదు కాబట్టి ప్లాన్ రెండడుగులు ఇంటి వైపు జరిపాం. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే వాళ్లే వచ్చి భూమిలో గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో రంగులతో గుర్తు పెట్టి వెళ్లారు. దానికి పైసా ఖర్చు లేదు. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

డిసెంబర్‌లో తవ్వకం మొదలైంది. అప్పటికి అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. యంత్రం మొదటి బకెట్ మట్టి తీయగానే నాన్న వెళ్లి పిడికెడు తీసుకుని నలిపి చూశారు. "ఒరేయ్, ఇది మన నల్లరేగడే కదరా!" అన్నారు. నిజంగా అదే. డాలస్ చుట్టుపక్కల ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అనే నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఇక్కడ ఇళ్ల పునాదులు కదలకుండా ఎండాకాలంలో గోడల చుట్టూ నీళ్లు పెట్టేది అందుకే. నలభై ఏళ్లు పత్తి పండించిన మనిషి నాన్న. "ఈ నేలలో అంత బరువు పెడితే నిలవదు, కింద ఏదో ఆధారం ఉండాలి" అని పట్టుబట్టారు. బిల్డర్ కాంట్రాక్టులో పియర్లు, అంటే పూల్ కింద నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు, ఎక్‌స్ట్రా అని రాసి ఉంది. అదనంగా 6,000 డాలర్లు విడిగా కట్టి వేయించాం. ఈ ప్రాంతంలో పూల్ కట్టించేవాళ్లు ఆ ఖర్చుకు వెనకాడొద్దు. రెండేళ్లకే డెక్ (పూల్ చుట్టూ పోసే గచ్చు) పగిలిన పెరళ్లు మా కమ్యూనిటీలోనే చూశాను.

స్టీల్ కట్టారు, పైపులు వేశారు, సిటీ ఇన్‌స్పెక్షన్ అయింది. గనైట్ మాత్రం గడ్డకట్టే చలి ఉందని వారం వాయిదా పడి జనవరి రెండో వారంలో కొట్టారు. పొడి సిమెంటు, ఇసుక గాలి ఒత్తిడితో గొట్టంలో వస్తుంటే కొనలో నీళ్లు కలిసి స్టీల్ మీద పడుతుంది. పూల్ అసలు ఒళ్లు అదే. పొద్దున ఆరున్నరకు చీకట్లో ఆరుగురు వచ్చి సాయంత్రానికి ముగించారు. వాళ్ల మేస్త్రీ మెక్సికో నుంచి వచ్చినాయన. ఆ చలిలో గొట్టం పట్టుకుని పగలంతా నిలబడ్డాడు. తర్వాత వారం రోజులు రోజుకు మూడుసార్లు తడపమన్నారు. మన దగ్గర స్లాబు తడిపినట్టే. ఆ పని నాన్న తీసుకున్నారు, నన్ను పైపు ముట్టుకోనివ్వలేదు.

అసలు కథ డబ్బుది. కాంట్రాక్టులో వాయిదాలు ఇలా ఉన్నాయి: సంతకానికి 10 శాతం, తవ్వకానికి 30, గనైట్‌కి 35, డెక్‌కి 20, ప్లాస్టర్‌కి 5. అంటే పెరట్లో సిమెంటు గుంట ఒక్కటే ఉండగా నా చేతినుంచి 69,000 డాలర్లు వెళ్లిపోయాయి. ఇది ఇక్కడ మామూలే అన్నారు, నమ్మాను. నేను ఈ దేశం వచ్చి పద్దెనిమిదేళ్లు. ఒక్క బిల్లు ఒక్క రోజు ఆలస్యం కాలేదు. గనైట్ ముగిసిన మర్నాడే ఆ వాయిదా కట్టేశాను.

మార్చి మధ్యలో గనైట్ కొట్టినవాళ్ల నుంచి సర్టిఫైడ్ పోస్ట్‌లో ఒక ఉత్తరం వచ్చింది. మా పూల్ గనైట్ పనికి 11,800 డాలర్లు బాకీ ఉందని, చెల్లించకపోతే నా ఇంటి మీద లీన్ వేస్తామని రాసి ఉంది. లీన్ అంటే ఆ బాకీ తీరేదాకా ఇంటి మీద వాళ్లకు హక్కు. కౌంటీ రికార్డులకెక్కితే ఇల్లు అమ్మాలన్నా, రీఫైనాన్స్ చేయాలన్నా అడ్డమే. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వెంటనే బిల్డర్ ఆఫీసుకు ఫోన్ చేశాను. "వాళ్ల అకౌంటింగ్‌లో పొరపాటు, మీరు పట్టించుకోకండి" అన్నారు. ఆ మాట పట్టుకుని ఉత్తరం సొరుగులో పెట్టేశాను. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఈ ఏడు ఉగాది ఆదివారం వచ్చింది. ఎనిమిది కుటుంబాలను భోజనానికి పిలిచాం. అమ్మ తెల్లవారుజామున లేచి బొబ్బట్లు చేసింది. పచ్చడి పంచుతుండగా డోర్‌బెల్ మోగింది. తలుపు తీస్తే ఆ గనైట్ మేస్త్రీ, పక్కన పదిహేనేళ్ల కొడుకు. ఆ అబ్బాయే ఇంగ్లీషులో మాట్లాడాడు. "మా నాన్న గొడవ పెట్టుకోవడానికి రాలేదు సార్. జనవరిలో చేసిన పనికి డబ్బు ఇంకా రాలేదు. బిల్డర్ ఫోన్ ఎత్తడం లేదు. మీరు ఆయనకు ఇచ్చారో లేదో అడుగుదామని వచ్చాం" అన్నాడు. మేస్త్రీ టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

నా వెనక హాల్లో మాటలు ఆగిపోయాయి. ఇంటి నిండా మనవాళ్లు. ఎవరూ ఏమీ అనలేదు కానీ అందరూ విన్నారు. నాన్న లేచి వచ్చి ఆయన్ని గుర్తుపట్టారు. "చలిలో పొద్దున్నే వచ్చి సిమెంటు కొట్టినాయన కదూ? ఈయన కూలి ఇవ్వలేదంట్రా?" అని అందరి ముందే నన్నడిగారు. నేను కట్టేశానని చెప్పాను. "నువ్వు ఎవరికి కట్టావో నాకెందుకు, ఈయనకు చేరిందా లేదా?" అన్నారు. నా జీవితంలో అంత తలవంపు ఎప్పుడూ కలగలేదు. అప్పు తీసుకున్నవాడిలా నా ఇంట్లో నేనే నిలబడాల్సి వచ్చింది, ఒక్క సెంటు బాకీ లేకుండానే.

నాన్న వాళ్లిద్దరినీ లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. ముందు రానన్నారు. పులిహోర, బొబ్బట్లు ప్లేట్లలో పెట్టి చేతికిచ్చారు. నేను బ్యాంకు కాగితాలు తెచ్చి చెల్లించిన తేదీ చూపించాను. అబ్బాయి తండ్రికి స్పానిష్‌లో చెప్పాడు. ఆయన తల ఊపి, ఇలాంటివి ఈ బిల్డర్‌తో మూడు ఉన్నాయని చెప్పించాడు. మా డబ్బుతో ఎవరి పూల్ పాత బాకీలు తీర్చుకున్నాడో ఆ బిల్డర్‌కే తెలియాలి. ఇంకొకడి చెమట డబ్బు తన జేబులో వేసుకుని, ఆ డబ్బు రావాల్సినవాడిని నా గుమ్మానికి పంపిన మనిషిని వ్యాపారి అనడం నాకు చేతకాదు.

మంగళవారం లాయర్‌ని కలిశాను. రెండు గంటలకు 700 డాలర్లు. ఏడు నెలల్లో నేను పెట్టిన ఖర్చుల్లో దీనంత విలువైనది లేదు. టెక్సస్‌లో పూల్ కట్టేవాళ్లకు రాష్ట్ర లైసెన్సు అంటూ లేదని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. ఎలక్ట్రీషియన్‌కీ, ప్లంబర్‌కీ ఉంది, వాళ్లందరినీ పెట్టుకునే బిల్డర్‌కి అక్కర్లేదు. మనం ఉండే సొంత ఇంటి మీద కింది కాంట్రాక్టర్ (బిల్డర్ పని అప్పగించే గనైట్ మేస్త్రీ లాంటివాళ్లు) లీన్ నిలవాలంటే అసలు కాంట్రాక్టు మీద భార్యాభర్తలిద్దరి సంతకాలుండాలి, దాన్ని కౌంటీ క్లర్క్ దగ్గర ఫైల్ చేయాలి. బిల్డర్ రెండూ శ్రద్ధగా చేయించుకున్నాడు. మా ఆవిడ ఆఫీసులో ఉంటే అక్కడికే వెళ్లి మరీ సంతకం తీసుకున్నాడు.

మరి బిల్డర్ నాకు ఇవ్వాల్సినవి? ఏ పని ఏ కింది కాంట్రాక్టర్ చేస్తున్నాడో జాబితా నాకివ్వాలి. డబ్బు అడిగిన ప్రతిసారీ అందులోంచి ఎవరెవరికి ఎంత పోతుందో లెక్క ఇవ్వాలి. లెక్క ఎప్పుడూ రాలేదు. జాబితా అక్కర్లేదని నేనే సంతకం పెట్టాను! సేల్స్ మనిషి ట్యాబ్లెట్ మీద "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టించుకున్న ఇరవై పేజీల్లో అదొకటి. ట్యాబ్లెట్ మీద సంతకం పెట్టమనే ఏ సేల్స్‌మన్‌నీ ఇకమీదట నా ఇంట్లో కూర్చోనివ్వను. కాగితం ఇమ్మనండి, ఆ రాత్రి చదవండి, మర్నాడు సంతకం పెట్టండి.

అసలైన సంగతి ఇంకొకటి. మొత్తం కాంట్రాక్టులో 10 శాతం పని పూర్తయ్యాక 30 రోజుల దాకా మన దగ్గరే ఆపుకోవాలని టెక్సస్ చట్టంలోనే ఉంది. కింది కాంట్రాక్టర్ల కోసం పెట్టిన నియమం అది. ఆపుకోకుండా ఇచ్చేస్తే ఆ మేరకు మనమే బాధ్యులం. మా వాయిదాల్లో చివరికి మిగిలేది 5 శాతమే. ఆ లెక్క మొదటిరోజే తప్పు.

అదృష్టం కొద్దీ వానలతో డెక్ పని ఆలస్యమై నా దగ్గర ఇంకా 23,000 ఉన్నాయి. మేస్త్రీ పంపిన నోటీసు నా చేతిలో ఉంది కాబట్టి ఆ బాకీ మేరకు బిల్డర్‌కి ఇవ్వకుండా ఆపే హక్కు నాకుందని లాయర్ ఉత్తరం రాసింది. బిల్డర్ పని ఆపేస్తానన్నాడు. పది రోజులు పెరట్లో ఒక్కరూ కనపడలేదు. నేను కదల్లేదు. చివరికి బిల్డర్, మేస్త్రీ ఇద్దరి పేర్లతో ఒకే చెక్కు 11,800కి రాసిచ్చాను. ఇద్దరూ సంతకం పెడితేనే మారుతుంది. మేస్త్రీ బాకీ తీరినట్టు, లీన్ హక్కు వదులుకున్నట్టు కాగితం ఇచ్చాడు. ఆ కాగితం ముందే, ప్రతి వాయిదాకీ అడిగి ఉంటే ఉగాది నాడు ఆయన టోపీ తీసుకుని నా గుమ్మంలో నిలబడే అవసరం ఉండేది కాదు.

మిగతావి గబగబా అయ్యాయి. టైల్, కోపింగ్ (పూల్ అంచు మీద పరిచే రాళ్లు), డెక్. ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో ఒకసారి ఫెయిల్. ఫెన్స్ గేట్ పూల్ వైపు తెరుచుకుంటోందని, బయటికి తెరుచుకోవాలని, వదిలేస్తే తనంతట తానే మూసుకుని గడియ పడాలని రాశారు. ఇంటి వెనక తలుపుకి అలారం కూడా పెట్టించారు. ఇన్‌స్పెక్టర్‌తో వాదించకండి, అవి పసిపిల్లల ప్రాణాల కోసం పెట్టిన నియమాలు.

ప్లాస్టర్ అయ్యాక నీళ్లు నింపడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే గోడ మీద చార పడుతుంది. పైపు కొనకు పాత తువ్వాలు చుట్టి లోతు వైపు పెట్టాం. సుమారు 16,000 గ్యాలన్లు, అంటే 60,000 లీటర్లు. 27 గంటలు పట్టింది. చలికాలంలో నింపేవాళ్లు సిటీ నీళ్ల ఆఫీసుకు ముందే ఫోన్ చేయండి. చాలా ఊళ్లలో చలికాలపు వాడకాన్ని బట్టే ఏడాది పొడుగునా డ్రైనేజీ బిల్లు వేస్తారు.

మొదటి 28 రోజులు హీటర్ వేయకూడదు, ఉప్పు కలపకూడదు. మొదట్లో పొద్దునా సాయంత్రం గోడలు, అడుగు బ్రష్‌తో రుద్దాలి. అది కూడా నాన్నే చేస్తున్నారు.

పని పూర్తయింది మే 9న. మేస్త్రీ చెక్కు పోగా మిగిలిన 11,200లో డెక్ అయ్యాక 2,000 ఇచ్చాను. 9,200 నా దగ్గరే ఉంది. బిల్డర్ ఆఫీసు నుంచి వారానికి రెండుసార్లు ఫోన్ వస్తోంది. టైల్ వేసినవాళ్లు, డెక్ పోసినవాళ్లు, ఎలక్ట్రీషియన్, ప్లాస్టర్ వాళ్లు, అందరి దగ్గరా డబ్బు ముట్టిందని కాగితాలు తెమ్మన్నాను. ఇప్పటికి రెండు వచ్చాయి. 30 రోజులు జూన్ 8తో నిండుతాయి.